మాయ మసకబారిన వారాలు

రోజు 4. గాలిమరల పేట

మా ఆసుపత్రి రైలు ఆగగానే నా మొదటి పని చక్రాల కింద చెక్కలు కొట్టించడం. స్కాన్ పెట్టె వెంట్రుకవాసి కదిలినా తెర మీద బొమ్మ చెదిరిపోతుంది. రెండో పని సీసా పరీక్ష. కొలత తెలిసిన ఉప్పునీళ్ల సీసాను స్కాన్ యంత్రపు అయస్కాంతంలో పెట్టి, రావలసిన అంకె వస్తోందో లేదో చూడాలి. వేడికి ఈ అయస్కాంతం బుద్ధి మారిపోతుంది. పెట్టె లోపల ముప్పై డిగ్రీలు దాటితే దాన్ని నమ్మకూడదు. ఇవాళ ఇరవై రెండు. సీసా సరిగ్గానే పలికింది.

మూడో పని ఇదిగో, ఈ రాత. స్కాన్ పెట్టెలో పనిచేసేవాళ్లు రోజూ రాయాలని రైలు ఆసుపత్రి నియమం. నాకు ముందు పనిచేసినాయన పదకొండేళ్లపాటు ‘అంతా మామూలే’ అని రాసి రిటైరయ్యాడు. నాకు చేతులు ఊరుకోవు.

ఎండ సైరన్ తొమ్మిదింటికి మోగుతుంది. ఆ తర్వాత సాయంత్రం అయిదు దాకా నేల మీద ఎవరూ తిరగకూడదు. అందుకని తెల్లవారకముందే జనం వరుస కట్టారు. మొదట వచ్చిన మనిషి కుళ్ళాయమ్మ. ఇరవై ఆరేళ్లు, తొలిచూలు, ఇరవై తొమ్మిదో వారం. గాలిమరల స్తంభాలెక్కి రెక్కలు బాగుచేసే పని ఆమెది. ఆ మరలు తిరిగితేనే కింద నేలమాళిగల్లో ఉండే నాలుగు వేల మందికి చల్లగాలి.

ఒంటి మీద ఇనుము ఉండకూడదని చెప్పాను. నడుము పట్టీ నుంచి రెండు కొక్కేలు, కొంగు ముడిలోంచి అయిదు నట్లు, జడలోంచి పిన్నులు, ఎక్కడి నుంచో ఒక చిన్న స్పానరు తీసి నా బల్ల మీద పెట్టింది.

“ఇంకేమైనా ఉందా?”

“కడుపులో బిడ్డ ఉండాది. ఇనుముది కాదులేక్కా.”

నవ్వాను గానీ ఆమె ఫైలు అప్పటికే చదివి ఉన్నాను. పోయిన విడత మా డాక్టర్ ఖుర్షీద్ కడుపు మీద స్కాన్ చేసి కనుక్కుంది. బిడ్డ గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద రక్తనాళాలు తారుమారుగా ఉన్నాయి, ఒకటి ఉండాల్సిన చోట మరొకటి. పుట్టిన కొద్ది రోజుల్లో ఆపరేషన్ చేసి మార్చవచ్చు. మేం తిరిగే మేరలో ఆ పని చేసేది నీలంపల్లి గుండె ఆసుపత్రి ఒక్కటే. కుళ్ళాయమ్మకు అక్కడ ముప్పై ఎనిమిదో వారంలో పడక రాసి ఉంది.

కడుపులో ఉన్నంతకాలం బిడ్డకు ఊపిరితిత్తులతో పని లేదు. గాలైనా తిండైనా గర్భసంచికి అంటుకుని ఉండే మాయ నుంచే అందుతాయి. అక్కడి నుంచి వచ్చే మంచి రక్తంలో ఎక్కువ భాగం మామూలుగా మెదడుకు వెళ్తుంది. నాళాలు తారుమారైతే ఆ మంచి రక్తం వేరే దారి పడుతుంది, వాడేసిన రక్తం మెదడుకు చేరుతుంది. అందుకే నేను గుండె ఒక్కటీ తీసి ఊరుకోను. మాయనూ మెదడునూ కూడా తీస్తాను. నియమాల్లో అవి లేవు. ఖుర్షీదూ నేనూ సొంతంగా మొదలుపెట్టుకున్న పని.

మాయలో ప్రాణవాయువు బాగా ఉన్న చోట బొమ్మ తెల్లగా వస్తుంది. తగ్గిన చోట నల్లబడుతుంది. ఆ తెలుపును అంకెగా కొలుస్తాం. వారాలు గడిచేకొద్దీ ఎవరికైనా కొంత తగ్గుతుంది. ఇరవై తొమ్మిదో వారానికి వంద ఉండాలి. కుళ్ళాయమ్మది తొంభై ఆరు. మెదడు కాస్త చిన్నది, గుబులు పడేంత కాదు.

“మల్లా ఎప్పుడొస్తారక్కా?”

“ఇరవై ఒక్క రోజులకు.”

“అంతవరకూ స్తంభం ఎక్కొచ్చునా?”

“డాక్టరమ్మను అడుగు.”

డాక్టరమ్మ వద్దంది. ఆ మాట వింటూ కుళ్ళాయమ్మ స్పానరు మళ్లీ కొంగున ముడేసుకోవడం చూశాను.

రోజు 9. దారిలో

ఇవాళ ఇళ్లకు మాట్లాడుకునే రేడియో గంట. మైనాతో మాట్లాడాను. నా కూతురు. పదేళ్లు. ఆనకట్ట ఊళ్లో మా అక్క దగ్గర ఉంటుంది.

మైనా గుండె కూడా తారుమారుగానే పుట్టింది. పుట్టిన ఆరో రోజున నీలంపల్లిలో సరిచేశారు. ఇప్పుడు మా అక్క కొడుకుల కంటే వేగంగా పరుగెత్తుతుంది. కానీ చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పడుతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతుంది. బడిలో రెండో తరగతి పుస్తకమే ఇంకా.

“అమ్మా, నేను... నేను... కుందేలు.”

“కుందేలును చూశావా?”

“కాదు. నేను.” చాలాసేపు ఆగింది. “నాటకంలో.”

నాటకంలో కుందేలు వేషం వేస్తోందట. మాటలుండవట, గెంతడమేనట. అక్క పక్కనుంచి చెప్పింది. మైనా ఆనందం రేడియో గరగరల్లోంచి కూడా తెలిసింది. పెట్టేశాక బోగీలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాను. పద్దెనిమిది అడుగులు. ఎన్నిసార్లు నడిచానో లెక్క లేదు.

మైనా నా కడుపులో ఉన్నప్పుడు అందరూ గుండెనే చూశారు. మాయనూ మెదడునూ ఎవరూ చూడలేదు. చూసి ఉంటే ఏం తేలేదో నాకు తెలియదు. ఆ తెలియకపోవడమే నన్ను ఈ పెట్టెలో కూర్చోబెట్టింది.

రోజు 25. గాలిమరల పేట

డెబ్బై ఒకటి.

ముప్పై రెండో వారానికి ఎనభై ఎనిమిది ఉండాలి. కుళ్ళాయమ్మ మాయ డెబ్బై ఒకటి పలికింది. కుడివైపు మూడో వంతు మసి పూసినట్టుంది. మెదడు మడతలు రెండు వారాల కిందటి బిడ్డవిలా ఉన్నాయి.

పెట్టెలో అప్పటికి ఇరవై తొమ్మిది డిగ్రీలు. వేడి చేసిన మోసమేమో అనుకున్నాను. సీసా పెట్టి చూశాను. సరిగ్గానే ఉంది. అయినా నమ్మబుద్ధి కాలేదు. రేపు చల్లగా ఉన్నప్పుడే రమ్మన్నాను.

“ఏమిటికక్కా మల్లా?”

“బొమ్మ సరిగ్గా రాలేదు.”

అబద్ధం. బొమ్మ చక్కగా వచ్చింది.

రోజు 26. గాలిమరల పేట

ఇరవై ఒక్క డిగ్రీలు. సీసా సరి. మాయ డెబ్బై.

ఖుర్షీద్ టీ గ్లాసుతో వచ్చి నా వెనక నిలబడింది. పదిహేడేళ్లుగా ఈ బండి మీదే తిరుగుతున్న మనిషి. చాలాసేపు తెర వైపు చూసి, “సౌభాగ్యా, ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు,” అంది. “ఇందులో నువ్వు కుళ్ళాయమ్మ బిడ్డను చూస్తున్నావా, మైనాను చూస్తున్నావా?”

కోపం వచ్చింది. రాత్రంతా నన్ను నేను అడిగినదీ అదే కాబట్టి.

“అయితే మీరే కొలవండి. నేను చెప్పను ఏది ఎవరిదో.”

కుళ్ళాయమ్మ బొమ్మను మరో అయిదుగురి బొమ్మల్లో కలిపి, పేర్లు, అంకెలు చెరిపేసి ఇచ్చాను. ఆమె టీ పక్కన పెట్టి ఒక్కొక్కటీ గీత గీసి కొలిచింది. నేను కిటికీ రెక్క సందులోంచి మరలు తిరగడం చూస్తూ నిలబడ్డాను. నాలుగో బొమ్మ దగ్గర ఆమె పెన్సిలు ఆగింది.

“అరవై తొమ్మిది,” అంది. “ఇదేనా?”

“అదే.”

ఇంకో పరీక్ష కూడా చేశాం. కుళ్ళాయమ్మ ముక్కుకు మాస్కు కట్టి, పది నిమిషాలు ప్రాణవాయువు పీల్పిస్తూ బొమ్మలు తీశాను. మాయలో రెండొంతులు మెల్లగా తెల్లబడ్డాయి. కుడివైపు మూడో వంతు చలించలేదు. ఆ ముక్క పని మానేసింది.

ఖుర్షీద్ నీలంపల్లికి రాసింది. మధ్యాహ్నానికే జవాబు వచ్చింది. అక్కడ పడకలు ఎవరికి ఎప్పుడన్నది ఒక యంత్రం తేలుస్తుంది. వారాలెన్ని, గుండె ఎలా ఉంది, ఈ రెండే దానికి తెలుసు. ‘గుండె స్థితిలో మార్పు లేదు. వరుసలో మార్పు లేదు.’

సాయంత్రం కుళ్ళాయమ్మను కూర్చోబెట్టి చెప్పాం. పక్కన ఆమె పెనిమిటి మద్దిలేటి, గాలి గొట్టాల మేస్త్రీ. ఖుర్షీద్ చెబుతున్నంతసేపూ కుళ్ళాయమ్మ నా మొహమే చూసింది.

“నేను సేసినానా ఇది? స్తంభమెక్కి?”

“కాదు,” అన్నాను. ఖుర్షీద్ కంటే ముందే అన్నాను. “నువ్వు చేసింది కాదు. ఎక్కకపోయినా ఇంతే.”

“మరి ఇప్పుడేం సేద్దాం?”

ఇప్పుడే బిడ్డను బయటికి తీస్తే మరీ చిన్నది, గుండె ఆపరేషన్‌కు తట్టుకోలేదు. లోపలే ఉంచితే మెదడుకు అందాల్సింది అందదు. రెండింటి మధ్యా ఎక్కడో ఒక రోజు ఉంటుంది. అది ఏ రోజో తెలియాలంటే నాలుగు రోజులకోసారి చూడాలి. మేమేమో రేపు పొద్దున్నే వెళ్లిపోతాం. వస్తే మళ్లీ ఇరవై రోజులకు.

“మాతో వచ్చెయ్,” అంది ఖుర్షీద్.

ఊరికీ ఊరికీ మధ్య రోగుల్ని బండిలో ఉంచుకోకూడదు. నియమం. ఖుర్షీద్ ఆ నియమం రాసిన కమిటీలో ఉన్న మనిషి. ఆమె నోట ఆ మాట విని నేను తలెత్తి చూశాను.

“ఎన్ని దినాలు?” మద్దిలేటి అడిగాడు.

“తెలీదు.”

“నేను రాలేను మేడమ్. ఈ ఎండల్లో గొట్టాలు ఒక్క పూట నిలిచినా కింద ముసలోళ్లు సచ్చిపోతారు.” ఆ మాటంటూ అతను భార్య వైపు చూడలేకపోయాడు. “నేను రాకుంటే ఇది పోదు.”

“ఎవురు పోరు?” అంది కుళ్ళాయమ్మ. “నేను పోతా. నువ్వు గొట్టాలు సూసుకో.”

రోజు 33. దారిలో

ఈ కుళ్ళాయమ్మను పడుకోబెట్టడం నా వల్ల కావడం లేదు. ఎడమవైపు తిరిగి పడుకోమంటే అయిదు నిమిషాలు పడుకుంటుంది. ఆరో నిమిషంలో నా పెట్టె ఫ్యాను విప్పి నేల మీద పరుచుకుని కూర్చుంటుంది. ఫ్యాను ఇప్పుడు చప్పుడు చేయడం లేదు, ఆ సంగతి వేరు.

రోజు 29న డెబ్బై. ఇవాళ అరవై ఆరు. మెదడు పెరిగింది, కొంచెం. ఈ కొంచెం సరిపోతుందా అని ఖుర్షీద్‌ను అడిగాను. ఆమె అదే ప్రశ్న నన్ను అడిగింది.

రేడియో గంటలో మైనాతో మాట్లాడుతుంటే కుళ్ళాయమ్మ పక్క బెంచీ మీద ఉంది. తర్వాత అడిగింది.

“మీ పాపకూ ఇదేనంటగదా. బాగయిందా?”

“గుండె బాగయింది.”

“మరి?”

చెప్పాను. గుండీలు, మాటలు, రెండో తరగతి పుస్తకం, రాత్రిళ్లు చీకటంటే భయం, బూట్లు ఎడమా కుడీ తెలియకపోవడం. ఒకటి తర్వాత ఒకటి చెబుతూనే పోయాను. ఆమె అడ్డు రాలేదు. అంతా అయ్యాక, “ఆ పాపకు ఏమంటే ఇష్టం?” అని అడిగింది.

గెంతడం ఇష్టం. తడి మట్టి ఇష్టం. మా అక్క వంట చేస్తుంటే వెనక నుంచి వచ్చి జడ లాగడం ఇష్టం. అవి చెప్పడానికి నాకు ఆలోచించాల్సి వచ్చింది. సిగ్గేసింది. పదేళ్లుగా నా కూతుర్ని చేతకాని పనుల జాబితాగా చెప్పుకుంటూ వస్తున్నాను.

“నాకూ అట్లాంటి బిడ్డే పుడితే సాకుతాలేక్కా,” అంది కుళ్ళాయమ్మ. “కానీ తప్పించే దారుంటే ఇడిసిపెట్టను.”

రోజు 41. దారిలో

యాభై ఎనిమిది.

మెదడును మూడుసార్లు కొలిచాను. రోజు 33కూ ఇవాళ్టికీ తేడా లేదు. ఎనిమిది రోజుల్లో గోరంత కూడా పెరగలేదు. ఈ వారాల్లో మెదడు ఆగకూడదు. తల చుట్టుకొలత పెరుగుతోంది, బరువు పెరుగుతోంది, గుండె ఎప్పటిలాగే కొట్టుకుంటోంది. పైనుంచి చూసేవాళ్లకు అంతా మామూలే.

బోగీలో పద్దెనిమిది అడుగులు. వెళ్తూ వస్తూ ఉంటే వంటగది నుంచి ఎవరో, “అక్కా, కాసేపు కూర్చోరాదా, బండి ఊగుతోంది,” అని అరిచారు.

రోజు 42. ఎర్రమట్టి షెడ్డు

ఎండ గంటల్లో బండిని షెడ్డులో నిలిపారు. ఖుర్షీద్ నీలంపల్లితో రేడియోలో మాట్లాడింది. అక్కడి పెద్ద సర్జన్ డాక్టర్ పరాంకుశం స్వయంగా దొరికాడు. నాలుగు నిమిషాల తర్వాత ఆమె మైకు నాకు ఇచ్చింది.

“కొలిచింది నువ్వే, నువ్వే చెప్పు.”

“మీరు టెక్నీషియనా అమ్మా?” అన్నాడాయన. గొంతులో చులకన లేదు, అలసట ఉంది. “చూడండి, నేను కుట్టాల్సిన నాళాలు అగ్గిపుల్లంత ఉంటాయి. కడుపులో ఉన్న ఒక్కో వారం నాకు ఒక్కో వరం. రెండు కిలోల బిడ్డను బల్ల మీద పెట్టమంటున్నారు. గుండె బాగానే ఉంది. నీడను చూసి తీయమంటారా?”

“నీడ కాదు సార్. గాలిమరల పేటలో, దారి పొడుగునా తీసినవి ఎనిమిది కొలతలు. మధ్యలో ఒకటి డాక్టర్‌గారు పేరు చూడకుండా కొలిచారు. ప్రాణవాయువు ఇచ్చినా కుడివైపు ముక్క మారలేదు. మెదడు ఎనిమిది రోజులుగా పెరగలేదు.”

“కొలతలో పొరపాటు ఉండొచ్చుగా?”

“ఉండొచ్చు. మూడుసార్లు కొలిచాను.”

నేను అనకూడదనుకున్నది అనేశాను.

“సార్, పదేళ్ల కిందట మీరు నా కూతురికి ఆపరేషన్ చేశారు. మైనా. ఆరో రోజు బిడ్డ.”

“గుర్తుంది. మచ్చ ఎడమవైపు కాస్త వంకరగా వచ్చింది. బాగుందిగా?”

“చాలా బాగుంది సార్. పరుగెత్తుతుంది. మీరు కుట్టినది ఒక్క పోగు కూడా వదల్లేదు. కానీ తన పేరు రాయడం రాదు. మీరు దాని గురించి ఎప్పుడూ వినలేదు, ఎందుకంటే మీరు గుండె ఎలా ఉందని ఉత్తరం రాస్తారు, మేం బాగుందని జవాబు రాస్తాం.”

అటువైపు కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

“మెదడు బొమ్మలు పంపండి,” అన్నాడు. “రెండూ. తేదీలతో.”

గంటన్నర తర్వాత మళ్లీ పిలిచాడు. ఈసారి కుళ్ళాయమ్మను కూర్చోబెట్టమన్నాడు. ఆమెతోనే చెప్పాడు, ఏదీ దాచకుండా. ఇప్పుడు తీస్తే బిడ్డ బల్ల మీదే పోవచ్చు. ఆగితే బిడ్డ బతికే అవకాశం ఎక్కువ, కానీ ఎలా బతుకుతుందో చెప్పలేను. తీసినా మెదడు కోలుకుంటుందని నేను మాటివ్వను. “నేను పడక ఇస్తాను. నిర్ణయం మీది.”

కుళ్ళాయమ్మ మైకును రెండు చేతులతో పట్టుకుంది.

“సార్, నేను స్తంభాల పని సేస్తా. ఎనభై మీటర్ల పైన ఉన్నప్పుడు బెల్టు పోగులు తెగతాంటే కనపడతాది. అప్పుడు ఇంగో గంట సూద్దామని కూసోము. కింద ఏముందో తెలీకున్నా దిగుతాం.” గుక్క తిప్పుకుంది. “వస్తాండా.”

రోజు 43. నీలంపల్లి దారిలో

నీలంపల్లి మా వరుసలో లేదు. కొండ ఎక్కే పాత మార్గం పట్టాలంటే రెండు ఊళ్లు వదిలెయ్యాలి. రాళ్లవంక, సున్నపుగుట్ట. ఆ రెండు ఊళ్లలో కలిపి పదకొండు మంది గర్భిణులు మాకోసం చూస్తున్నారు. రేడియోలో కబురు పెట్టాం. రాళ్లవంకలో అందుకున్నారు. సున్నపుగుట్టలో ఎవరూ పలకలేదు.

ఖుర్షీద్, ఇంజిన్ నడిపే బాలచెన్నయ్య, నేను పటం చుట్టూ నిలబడ్డాం. “ఒకామె కోసం పదకొండు మందినా మేడమ్?” అన్నాడు బాలచెన్నయ్య. అడగాల్సిన మాటే అడిగాడు. “వాళ్లకు నాలుగు రోజులు ఆలస్యం. ఈమెకు నాలుగు రోజులు లేవు,” అంది ఖుర్షీద్. అతను టోపీ పెట్టుకుని ఇంజిన్ వైపు వెళ్లాడు.

రోజు 44. నీలంపల్లి

ముప్పై నాలుగు వారాల అయిదు రోజులు. ఉదయం ఏడున్నరకు కోసి తీశారు.

నన్ను లోపలికి రానివ్వలేదు. వరండాలో అడుగులు లెక్కపెట్టలేదు, గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. ముందు ఏడుపు వినిపించింది, పిచ్చుక అరిచినంత. తర్వాత నర్సు వచ్చి ఆడపిల్ల, రెండు కిలోల ఎనభై గ్రాములు అని చెప్పింది. పెదవులు నీలం. గుండె పక్కన మూసుకుపోవాల్సిన సన్నని దారిని మందుతో తెరిచి ఉంచారు. ఆపరేషన్ దాకా అదే ఆధారం.

నేను అడిగినది కూడా తెచ్చింది, స్టీలు పళ్లెంలో. ఖుర్షీద్ గ్లవుజులు తొడుక్కుని మాయను వెల్లకిలా తిప్పింది. రెండొంతులు ముదురు ఎరుపు, మెత్తగా. కుడివైపు మూడో వంతు పాలిపోయి, ఎండిన స్పాంజిలా గట్టిగా ఉంది. నా బొమ్మలో నల్లగా ఉన్న అంచు వెంబడే ఆమె వేలు నడిచింది.

“నువ్వు చెప్పిందే,” అంది.

గెలిచినట్టు అనిపించాలి. అనిపించలేదు. ఇంత ముక్కతో ఇన్నాళ్లు ఆ పిల్ల ఎలా నెట్టుకొచ్చిందో అని మాత్రమే అనిపించింది.

రోజు 47. సున్నపుగుట్ట

మేం రావడం లేదని తెలియక మాబున్ని అనే ఆమె ఎనిమిది నెలల కడుపుతో మూడు పొద్దులు ప్లాట్‌ఫారం దగ్గర కాసిందట. రెండో రోజు కళ్లు తిరిగి పడిపోయింది. బిడ్డ క్షేమం, తల్లి క్షేమం. స్కాన్ చేసి చెప్పాను. ఆమె లేచి చీర సర్దుకుంటూ, “మేము మడుసులం కామా మీకు?” అంది.

ఎందుకు రాలేదో చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

“నీకు కత ఉంటాది. నాకూ ఉండాది. నేను అడిగినదానికి బదులు సెప్పు.”

క్షమించమన్నాను. ఆమె తల ఊపకుండానే మెట్లు దిగింది. ఇక్కడ ఇది రాయకపోతే ఎవరూ అడగరు. అందుకే రాస్తున్నాను.

రోజు 53. దారిలో

ఇవాళ కుళ్ళాయమ్మ బిడ్డకు గుండె ఆపరేషన్. పొద్దున్నుంచి ఏ పనీ కుదురుగా చేయలేదు. సీసా పరీక్ష రెండుసార్లు చేశాను, చేశానో లేదో గుర్తులేక.

పదకొండున్నరకు పరాంకుశం రేడియోలోకి వచ్చాడు. అయిదు గంటలు పట్టిందట. ఒకసారి గుండె మళ్లీ కొట్టుకోవడానికి మొరాయించిందట. “కొట్టుకుంది,” అన్నాడు. మద్దిలేటి సరుకుల బండి ఎక్కి నిన్న చేరుకున్నాడట. అతని బదులు పేటలో ముగ్గురు పంచుకుని గొట్టాలు చూస్తున్నారట.

“ఇంకో మూడు వారాలు ఆగి ఉంటే నాకు సులువయ్యేది,” అన్నాడు పరాంకుశం. “బిడ్డకు ఎలా ఉండేదో నాకు తెలియదు. మీకూ తెలియదు.”

“తెలియదు సార్.”

“మళ్లీ ఎప్పుడొస్తారు ఇటు? ఆ పిల్ల మెదడు నాకు చూడాలనుంది. ఇక్కడి యంత్రం పెద్దవాళ్లకే. మీ అమ్మాయిని కూడా ఒకసారి తీసుకురండి. గుండె కోసం కాదు,” అన్నాడు.

రోజు 67. నీలంపల్లి

ఈసారి నీలంపల్లిని వరుసలోనే కలిపారు. చక్రాలకు చెక్కలు కొట్టించాను. ఇరవై మూడు డిగ్రీలు.

బిడ్డకు మత్తు ఇవ్వలేదు. కడుపు నిండా పాలు పట్టి, మెత్తటి గుడ్డలో గట్టిగా చుట్టి, చెవులకు దూది పెట్టి అయస్కాంతంలో పడుకోబెట్టాం. ఛాతీ మీద కుట్టు ఎర్రగా, నిటారుగా ఉంది. కుళ్ళాయమ్మ అడక్కుండానే పిన్నులన్నీ తీసి నా పక్కన కూర్చుంది. మొహం చిక్కిపోయింది. మోకాలు ఆడుతూనే ఉంది. నాదీ ఆడుతోందని తర్వాత గమనించాను.

పన్నెండు నిమిషాలు. బొమ్మ ఒక్కో పొరగా తెర మీదికి వచ్చింది. మెదడు పెరిగింది. ఆ వయసుకు ఉండాల్సిన దానికంటే ఇంకా తక్కువే. కడుపులో ఆగిపోయిన ఆ ఎనిమిది రోజులను ఇంకా అందుకోలేదు. కానీ పెరిగింది. ఎన్నిసార్లు కొలిచానో రాయను.

“ఇదేందక్కా, ఈ గీత?” కుళ్ళాయమ్మ వేలు తెరకు తగలబోయి ఆగింది.

“మడత. మెదడు పెరిగేటప్పుడు చోటు చాలక అలా ముడుచుకుంటుంది. పుట్టకముందు తీసినప్పుడు ఇది లేదు.”

“అంటే బాగుండాదనా?”

అవును అని ఉంటే సరిపోయేది. ఆమె మొహం చూస్తే అనాలనే అనిపించింది.

“పెరుగుతోందని. ఎలా ఉంటుందో నాకు తెలీదు కుళ్ళాయమ్మా. మాట్లాడే వయసొచ్చేదాకా, నడిచే వయసొచ్చేదాకా ఎవరికీ తెలీదు.”

ఆమె తల ఊపింది. తెర మీది నుంచి కళ్లు తీయలేదు. బయట మద్దిలేటి, “అయిందా?” అని తలుపు తట్టాడు.

“ఇంగోసారి తియ్యక్కా,” అంది కుళ్ళాయమ్మ.

“ఇప్పుడే తీశాం కదా. ఏం మారదు.”

“మారొద్దులే. ఇన్నాళ్లూ ఏమి తగ్గిందో సూపించినావు. పెరిగేది ఇంగోసారి సూడనీ.”

బిడ్డ నిద్రలో పెదవులు చప్పరించింది. గులాబీ రంగు పెదవులు. కాస్త ఆగి, మళ్లీ కదలకుండా పడుకున్నాక, మీట నొక్కాను.